ప్లాస్టిక్ చెత్త నుండి ఇంధనం: ఈ సంస్థలో వాటా కొనవచ్చునా?

ఉండి రైతు:
భీమవరం పరిసరాలలో ప్లాస్టిక్ చెత్తను ఇంధనంగా మార్చే కర్మాగారం పెడతామంటూ, స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదు కాని ఒక సంస్థ వాటాలు అమ్ముతోంది. టన్ను ప్లాస్టిక్‌కు 800 లీటర్ల డీజిల్ వస్తుందని, పెట్టుబడిపై నెలనెలా నిశ్చిత రాబడి ఇస్తామని కరపత్రంలో ఉంది. చెత్త చేరిన యనమదుర్రు మురుగుకాలువను రోజూ చూసేవాడిని కనుక ఈ పని జరగాలనే నా కోరిక. అయినా దాళ్వా పంట సొమ్మును అందులో పెట్టవచ్చునా? తెలిసినవారు చెప్పగలరు.

బట్టీసెగ:
ఆ 800 అంకె కల్పితం కాదండీ. డెహ్రాడూన్‌లోని భారతీయ పెట్రోలియం సంస్థ, ప్రభుత్వ గ్యాస్ కంపెనీ గెయిల్‌తో కలిసి 2019 ఆగస్టులో ప్రారంభించిన ప్రయోగాత్మక కర్మాగారం విషయంలో ప్రకటించిన అంకె అది. అయితే అది పాలిథీన్, పాలీప్రొపిలీన్ జాతి ప్లాస్టిక్‌కు సంబంధించిన లెక్క. గాలి తగలకుండా 400 నుండి 500 డిగ్రీల వరకు వేడి చేస్తే అవి విరిగి నూనెగా, వాయువుగా మారి, కొంత మసి మిగులుతుంది. అందులో పీవీసీ గొట్టం ముక్కలు కలిస్తే హైడ్రోక్లోరిక్ ఆమ్లం పుట్టి యంత్రాన్ని తినేస్తుంది. నీళ్ల సీసాల పెట్ ప్లాస్టిక్ కలిస్తే నూనె తగ్గడమే కాక గొట్టాలు పూడుకుపోతాయి. పైగా వచ్చిన నూనెను నేరుగా డీజిల్ అనడం సరికాదు. 2020 ఏప్రిల్ నుండి అమలైన బీఎస్-6 వాహన కాలుష్య ప్రమాణం ప్రకారం డీజిల్‌లో గంధకం 10 పీపీఎం (పది లక్షల భాగాలలో పది) మించరాదు. ఆ స్థాయికి శుద్ధి చేయడం చిన్న కర్మాగారానికి తలకు మించిన ఖర్చు కనుక, సాధారణంగా దానిని కొలిమి నూనెగానే (ఫర్నేస్ ఆయిల్) అమ్ముకోవలసి వస్తుంది.

రొయ్యలచెరువు:
ప్రతి కొత్త ప్రయత్నాన్నీ ఇలా అనుమానిస్తే డెల్టాలో ఏ పరిశ్రమా నిలవదు. మన చెరువుల దగ్గర మేత సంచులు గుట్టలుగా పడి ఉంటాయి, అవి పాలీప్రొపిలీనే కదా! 2022లో సవరించిన ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనల ప్రకారం తయారీదారులే తమ ప్యాకింగ్ చెత్తకు బాధ్యత వహించాలి కనుక, ఆ బాధ్యత తీరినట్లు చూపడానికి వారు కొనే ధ్రువపత్రాల అమ్మకం ద్వారా కూడా ఆదాయం వస్తుంది.

లెక్కలపద్దు:
రొయ్యలచెరువు గారు చెప్పిన నిబంధనలనే చూద్దాం. పునర్వినియోగానికి పనికిరాని ప్లాస్టిక్‌ను మాత్రమే నూనె తయారీకి పంపాలన్నది వాటి ఉద్దేశం. మేత సంచి పనికిరానిది కాదు. ఊక, ఇసుక నింపుకోవడానికి దానిని కొనేవారున్నారు, చిరిగితే పాత ప్లాస్టిక్ వ్యాపారి తీసుకుంటాడు. ఎవరూ కొననిది షాంపూ పొట్లం, చిప్స్ ప్యాకెట్, బురదలో నానిన క్యారీ బ్యాగ్. దానిని ఏరి, కడిగి, మన వానాకాలంలో ఆరబెట్టడానికయ్యే కూలి కరపత్రంలో ఎక్కడైనా కనిపించిందా?

అమ్మకం సంగతి ఇంకా ముఖ్యం. డెల్టాలో రైస్ మిల్లు బాయిలర్లకు ఊక ఉంది, ఇటుక బట్టీలకూ ఊకే ఉంది. ఈ నూనెను ఎవరు, ఏ ధరకు, ఎంత దూరం తీసుకుపోతారో చెప్పని సంస్థకు యంత్రం ఎంత గొప్పదైనా ప్రయోజనం లేదు.

అమెరికా అనుభవం కూడా ఇదే చెబుతోంది. నయాగరా ఫాల్స్‌లో ప్లాస్టిక్ నుండి నూనె తీసిన జేబీఐ అనే సంస్థ 2009 లెక్కలలో ఆస్తుల విలువను విపరీతంగా పెంచి చూపిందని అక్కడి వాటా మార్కెట్ నియంత్రణ సంస్థ అయిన సెక్యూరిటీస్ కమిషన్ 2012 జనవరిలో అభియోగం మోపింది. యంత్రం నుండి నూనె వచ్చిన మాట నిజమే, పద్దులే అబద్ధం. ఇండియానా రాష్ట్రంలో ఏడాదికి లక్ష టన్నుల సామర్థ్యంతో కట్టిన బ్రైట్‌మార్క్ కర్మాగారం 2025 మార్చిలో దివాలా రక్షణ కోరింది. అక్కడ మోసమేమీ లేదు, నడపడమే కష్టమైంది.

ఇక నిశ్చిత రాబడి విషయం. వాటాకు లాభం వస్తేనే డివిడెండు. నెలనెలా ఇంత అని హామీ ఇస్తే అది డిపాజిట్ లక్షణం, దానికి 2019 నాటి అనియంత్రిత డిపాజిట్ల నిషేధ చట్టం అడ్డు వస్తుంది. నమోదు కాని సంస్థ ప్రైవేటు ప్లేస్‌మెంట్ (ఎంచుకున్న కొద్దిమందికే వాటాలు అమ్మడం) కింద ఒక ఆర్థిక సంవత్సరంలో 200 మందికి మించి వాటాలు ఇవ్వజూపరాదు. మరి ఊరూరా కరపత్రాలు ఎలా పంచుతున్నారు?

రొయ్యలచెరువు:
హామీ రాబడి తప్పని ఒప్పుకుంటాను. పద్ధతి తప్పని మాత్రం ఒప్పుకోను. చెత్త తీసుకున్నందుకు పురపాలక సంఘం టన్నుకింత చెల్లించేటట్లయితే మీరు చెప్పిన కూలి ఖర్చు కలిసివస్తుంది.

లెక్కలపద్దు:
కలిసివస్తుంది, నిజమే. ఆ ఒప్పందం కాగితంపై సంతకమై ఉంటే నా అభిప్రాయం మార్చుకోవడానికి సిద్ధమే.

ఉండి రైతు:
వారి ప్రతినిధిని ఆడిట్ అయిన పద్దులు, నూనె కొన్నవారి బిల్లులు, పురపాలక ఒప్పందం నకలు అడిగాను. కర్మాగారం నమూనా వీడియో పంపారు.