ఒమేగా దాటి మరో వాచీ: ఎవరు ఏం కొన్నారు?

బరంపురం_వాచీ
నా దగ్గర ఉన్నవన్నీ ఒమేగాలే: స్పీడ్‌మాస్టర్, సీమాస్టర్ డైవర్ (నీటిలో దిగేటప్పుడు పెట్టుకునే వాచీ), నాన్నగారి పాత డివిల్. ఆ బ్రాండ్ మీద ఇష్టం తగ్గలేదు. కానీ పెట్టె తెరిస్తే అన్నీ ఒక తల్లి పిల్లల్లా కనిపిస్తున్నాయి. టూడర్ బ్లాక్ బే 58, జపాన్ వారి గ్రాండ్ సీకో, జేగర్-లెకూల్త్ర్ వారి రివర్సో, ఈ మూడింటి మీద మనసు ఊగుతోంది. మాది గోపాల్‌పూర్ ఉప్పుగాలి తగిలే చోటు. సర్వీసుకు విశాఖ వెళ్ళడం మేలా, భువనేశ్వర్ మేలా? బీమా ఎలా చేయిస్తున్నారు? అనుభవం ఉన్నవారు చెప్పండి.

రాయగడ_జంక్షన్
గ్రాండ్ సీకో స్నోఫ్లేక్ తీసుకోండి, ఇక ఆలోచించకండి. నేనూ ఏళ్ళ తరబడి స్విస్ వాచీ తప్ప మరొకటి ముట్టలేదు. దీని సెకన్ల ముల్లు టిక్ టిక్ అనదు, అంగలు వేయదు, నీటి మీద నూనెలా జారిపోతుంది. డయల్ మీద కొత్తగా కురిసిన మంచు గరుకుదనం ఉంటుంది, వెలుతురు పక్కనుంచి పడితేనే అది కనిపిస్తుంది. టైటానియం కేసు కాబట్టి చేతికి బరువే తెలియదు. రాత్రి రైల్లో పడుకున్నా తీయాలనిపించదు.

బల్లార్షా_కోల్
స్నోఫ్లేక్‌ను నడిపేది స్ప్రింగ్ డ్రైవ్, అంటే లోపల క్వార్ట్జ్ స్ఫటికం ఉన్న వాచీ. అంత డబ్బు పోసి క్వార్ట్జ్ కొనమని సలహా ఇవ్వడం సరికాదు. స్పీడ్‌మాస్టర్‌కు రోజూ కీ ఇచ్చుకునే మనిషికి అది నచ్చదు.

రాయగడ_జంక్షన్
తెలియకుండా మాట్లాడకండి. అందులో బ్యాటరీ లేదు. నడిపేది మెయిన్ స్ప్రింగే, మామూలు కీ వాచీలో చుట్టుకునే స్ప్రింగు లాంటిదే. అది తిప్పే చక్రమే లోపల కాస్త కరెంటు పుట్టిస్తుంది, ఆ కరెంటుతో స్ఫటికం వేగాన్ని చూసుకుని చక్రానికి అయస్కాంతపు బ్రేకు వేస్తుంది. సీకో దీన్ని 1999లో అమ్మకానికి తెచ్చింది. నెలకు 15 సెకన్లకు మించి తేడా రాదని కంపెనీ మాట. మీ స్విస్ క్రోనోమీటర్ పరీక్షకు రోజుకు -4 నుంచి +6 సెకన్ల దాకా వెసులుబాటు ఉంది. ఏది మేలో లెక్క మీరే వేసుకోండి.

బల్లార్షా_కోల్
లెక్క కోసం వాచీ కొనేవాడికి ఫోను చాలు. బ్యాలెన్స్ వీల్, అంటే అటూ ఇటూ ఊగుతూ కాలాన్ని కొలిచే చక్రం, లేని వాచీని నేను మెకానికల్ అనను. మీరు ఎంత చెప్పినా అనను.

పర్లాకిమిడి_కీ
ఇద్దరూ కాస్త ఆగండి. మా ఇంట్లో తాత కాలం నుంచి వాచీ మరమ్మతు పనే. స్ప్రింగ్ డ్రైవ్ మూత తెరిచి చూసినవాడిగా చెబుతున్నాను, చక్రాలూ స్ప్రింగూ ఏ మంచి ఆటోమేటిక్‌కూ తీసిపోవు. కానీ మన ఊళ్ళలో దాన్ని విప్పి బిగించేవాడు దొరకడు, కంపెనీకే పంపాలి. బరంపురం మిత్రులు అసలు అడగాల్సింది వేరే ఉంది. కొత్త ఒమేగాలు చాలావరకు 15,000 గాస్ (అయస్కాంత బలానికి కొలత) దాకా అయస్కాంతాన్ని తట్టుకుంటాయి. ఆ ధీమాతో వాచీని ఫోను స్పీకర్ పక్కన పెట్టే అలవాటు అయిపోతుంది. వేరే బ్రాండుకు మారగానే, వాచీ రోజుకు నిమిషాల కొద్దీ ముందుకు పరుగెడుతోందని నా దగ్గరకు తెస్తారు. అయస్కాంతం పట్టింది, అంతే. అయస్కాంతాన్ని వదిలించే డీమాగ్నెటైజర్ మీద పెడితే క్షణంలో దారికొస్తుంది. కేసు మీద గీతలున్నా తీసుకురండి, పాలిష్ చేసి కొత్తదానిలా ఇస్తాను.

జయపురం_కాఫీ
పాలిష్ మాట ఎత్తకండి దయచేసి! నా స్పీడ్‌మాస్టర్‌ను ఒక దుకాణంలో అడగకుండానే బఫ్ చేసిచ్చారు. లగ్గుల మీద, అంటే స్ట్రాప్ తగిలించే కొమ్ముల మీద, మెలితిరిగే ఆ పదునైన అంచు సబ్బు ముక్కలా అరిగిపోయింది. పోయిన లోహం తిరిగి రాదు. అమ్ముదామంటే చూసినవాడు మొదట ఆ అంచే పట్టుకుని ధర తగ్గిస్తున్నాడు.

పర్లాకిమిడి_కీ
చేతకానివాడు చేస్తే అంతే. అంచుకు టేపు వేసి చేసేవాళ్ళున్నారు. నా పనిని ఆ దుకాణంతో కలపవద్దు.

జయపురం_కాఫీ
నేను ఎవరినీ అనలేదు. గీతలు నా చేతి మీద పడ్డవి, వాటిని తీయించుకోను. రివర్సో గురించి ఒక్క మాట. 1931లో దాన్ని తయారుచేసిందే మన దేశంలో పోలో ఆడే బ్రిటిష్ అధికారుల కోసం. ఆటలో అద్దాలు పగులుతుంటే కేసును తిరగేసి మూసేలా చేశారు. దీర్ఘచతురస్రపు వాచీ చేతికి పడితే గుండ్రటివి చూసిన కంటికి నిజంగా కొత్తగా ఉంటుంది. కానీ దాని అందమంతా తోలు స్ట్రాప్‌లో ఉంది, గోపాల్‌పూర్ చెమటకు అది నిలవదు. రెండు స్ట్రాపులు మార్చి మార్చి వాడాలి.

సిరోంచ_మాస్టారు
లక్షలు పెట్టే ముందు మన హెచ్.ఎం.టీ. పైలట్ ఒకటి కీ ఇచ్చి చూడండి. బెంగళూరులో సిటిజన్ సాయంతో 1961లో వాచీల తయారీ మొదలుపెట్టిన కంపెనీ అది, 2016 జనవరిలో దాని వాచీల సంస్థ మూసివేతకు కేంద్రం ఆమోదం ఇచ్చింది. నల్ల డయల్, లోపల చక్రాల ఇరుసులకు 17 రాళ్ళు, మరేమీ ఉండదు. ప్రాణహిత ఒడ్డున మా స్కూల్లో గంట కొట్టాల్సిన సమయం దాన్ని చూసే చెప్పేవాణ్ణి. రెండో బ్రాండ్ అంటే ఖరీదైనదే కావాలని ఎందుకు అనుకుంటున్నారు?

రాయగడ_జంక్షన్
మాస్టారూ, ఇప్పుడు ఆన్‌లైన్‌లో దొరికే పైలట్లలో చాలా వాటి డయళ్ళు కొత్తగా రంగు వేసినవే. ఎరుపూ పసుపూ పైలట్లు కంపెనీ చేసినవి అనుకుని కొంటున్నారు. మీది అసలుదైతే చేజార్చుకోకండి.

ధర్మాబాద్_మిర్చి
అందరూ అందం మాట్లాడుతున్నారు, డబ్బు సంగతి ఎవరూ ఎత్తరు. 2025 ఏప్రిల్ 22 నుంచి 10 లక్షలు దాటిన చేతి వాచీ మీద దుకాణదారు 1 శాతం టీసీఎస్ (అమ్మేటప్పుడే ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్ను) వసూలు చేస్తాడు. రిటర్నులో దాన్ని పన్నులో సర్దుకోవచ్చు, పాన్ ఇవ్వడం మరవకండి. 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోవడం చట్టవిరుద్ధం. బిల్లు లేకుండా తక్కువకు ఇస్తామన్న చోటు నుంచి లేచి వచ్చేయండి, రేపు బీమా వాడు మొదట అడిగేది ఆ కాగితమే.

బల్లార్షా_కోల్
టూడర్ తీసుకోండి. రోలెక్స్ పెట్టిన విల్స్‌డార్ఫ్ మనసులో పుట్టిన బ్రాండే, 1926లో ఆ పేరు రిజిస్టరైంది. 58లో కేసు 39 మి.మీ., 200 మీటర్ల లోతు తట్టుకుంటుంది, స్టీలు బ్రేస్‌లెట్‌కు చెమట భయం లేదు. సముద్రానికి వెళ్ళొచ్చాక మంచినీళ్ళతో కడగండి. క్రౌన్ (పక్కనున్న కీ బొత్తాం) బిగించి ఉందో లేదో చూసుకుని మరీ కడగండి.

బరంపురం_వాచీ
అందరికీ ధన్యవాదాలు. సీమాస్టర్ ఉండగా మళ్ళీ డైవర్ ఎందుకని టూడర్ తీసేశాను. హైదరాబాద్ వెళ్ళి స్నోఫ్లేక్, రివర్సో రెండూ చేతికి పెట్టుకుని చూస్తాను. విశాఖ, భువనేశ్వర్ సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

బల్లార్షా_కోల్
స్నోఫ్లేక్ వద్దన్నాను కదా. గ్రాండ్ సీకోలోనే గంటకు 36,000 ఊపుల హై-బీట్ ఉంది, బ్యాలెన్స్ వీల్‌తో. అది అడగండి.

సిరోంచ_మాస్టారు
రాయగడ బాబూ, నా పైలట్ డయల్ మీద హిందీ అక్షరాలున్నాయి. అది అసలుదేనా?

రాయగడ_జంక్షన్
మూత తెరిపించి లోపలి ఫొటో పెట్టండి మాస్టారూ, ఈ రాత్రికే చూసి చెబుతాను.