అప్‌డేట్: నాన్నగారికి లైట్ థెరపీ గురించి డాక్టర్ ఏం చెప్పారంటే

నాన్నగారి అన్నవాహిక క్యాన్సర్‌కి కాంతితో చేసే చికిత్స పనికొస్తుందా అని ఇక్కడ అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

దీన్ని ఫోటోడైనమిక్ థెరపీ అంటారు. పోర్ఫిమర్ సోడియం అనే మందును నరంలోకి ఎక్కిస్తారు. దాదాపు రెండు రోజులు ఆగి, ఎండోస్కోప్ (నోటి గుండా లోపలికి పంపే సన్నటి గొట్టం) ద్వారా 630 నానోమీటర్ల ఎర్రటి లేజర్ కాంతిని గడ్డ మీద పడేలా చేస్తారు. కాంతి తగలగానే ఆ మందు అక్కడి ఆక్సిజన్‌ని చురుకైన రూపంలోకి మార్చి కణాలను చంపుతుంది. అడ్డుపడిన అన్నవాహికను తెరవడానికి అమెరికాలో 1995లోనే దీనికి అనుమతి వచ్చింది.

అయితే ఆ కాంతి సుమారు ఒక సెంటీమీటరు లోతుకే వెళ్తుంది. నాన్నగారికి కాలేయానికి కూడా పాకింది కాబట్టి ఇది జబ్బును పూర్తిగా తీసేయదు, మింగడం సులువు చేయవచ్చు అని డాక్టర్ స్పష్టంగా చెప్పారు. బాధేసింది, కానీ ఆయన గుటక వేయలేక పడే అవస్థ చూస్తుంటే అదీ చిన్న విషయం కాదు.

నాకు అసలు టెన్షన్ తర్వాతి జాగ్రత్తల గురించే. కనీసం 30 రోజులు ఎండ, ఘాటైన లైట్లు కళ్లకీ చర్మానికీ తగలకూడదు. సన్‌స్క్రీన్ పనిచేయదు, ఎందుకంటే సమస్య కంటికి కనిపించే ఘాటైన వెలుతురుతోనే. అలాగని చీకటి గదిలోనూ ఉంచకూడదట! ఇంట్లోని మామూలు వెలుతురు చర్మంలో మిగిలిన మందును మెల్లగా నిర్వీర్యం చేస్తుంది.

ఆన్‌లైన్‌లో అమ్మే రెడ్ లైట్ మెషిన్లు ఇది కాదు, దయచేసి క్యాన్సర్‌కి వాటిని నమ్మకండి.

స్టెంట్‌తో (అన్నవాహికను తెరిచి ఉంచడానికి లోపల పెట్టే గొట్టం) పోల్చి చూశాక నిర్ణయిస్తాం. ఇంట్లో ఎవరికైనా ఇది చేయించినవాళ్లుంటే, ఆ నెల ఎలా గడిపారో చెప్పండి.