కాలో ‘బొహీమియన్ల మజిలీ’: గీతలు లావుగా, సన్నగా ఎలా వచ్చాయి?

అచ్చుబొమ్మల చిత్రకారుడు జాక్ కాలో (1592–1635) చేసిన బొహీమియన్ల (అంటే రోమా సంచార జనం) వరసలో నాలుగు బొమ్మలున్నాయి కదా, చివరిదాన్ని రెండు రోజులుగా వదల్లేకపోతున్నాను. దారి పక్కన చెట్ల కింద మజిలీ చేసి అందరూ విందు వంటలో మునిగిపోయిన బొమ్మ. నా సందేహం గీతల గురించి. దగ్గరగా ఉన్న మనుషుల బట్టల మడతలు చూడండి, గీత సన్నగా మొదలై, మధ్యలో లావెక్కి, మళ్లీ కొసదేరుతోంది. రాగి పలక మీది పూతని సూదితో గీస్తే మందం ఒకేలా ఉండాలి కదా? ఇది ఎచింగేనా (పూత మీద గీసి, గీత పడ్డ చోట రాగిని యాసిడ్‌తో తినిపించడం), లేక బ్యూరిన్ అనే ఉలితో నేరుగా రాగిని చెక్కిందా?

జవాబు 1
ఎచింగేనండి. కాలో వాడింది మామూలు సూది కాదు, ఎషోప్ అనే పనిముట్టు. కొన ఏటవాలుగా కోసి ఉంటుంది కాబట్టి ఆ ముఖం కోడిగుడ్డు ఆకారంలో కనిపిస్తుంది, గీస్తూ వేళ్ల మధ్య కొద్దిగా తిప్పితే గీత లావెక్కుతుంది, వెనక్కి తిప్పితే సన్నబడుతుంది. దానికి తోడు, పలక మీద మెత్తటి మైనం పూత మానేసి లూట్ వాయిద్యాలు చేసేవాళ్ల గట్టి వార్నిష్ పూశాడు. మెత్తటి పూత పెచ్చులూడితే యాసిడ్ అక్కడ దిగి పలక పాడవుతుంది, గట్టి పూతతో ఆ టెన్షన్ చాలావరకు తగ్గింది. ఈ పద్ధతంతా అబ్రహాం బోస్ అనే మరో అచ్చుబొమ్మల చిత్రకారుడు 1645లో పుస్తకంగా రాశాడు.

జవాబు 2
గీతల మందం సంగతి అది, దగ్గరివి నల్లగా, దూరంగా ఉన్నవి లేతగా కనిపించడానికి ఇంకో కారణం ఉంది. పలకని కాసేపు యాసిడ్‌లో ఉంచి తీసి, లేతగా ఉండాల్సిన గీతల్ని వార్నిష్‌తో మూసేసి, మిగతా వాటిని మళ్లీ యాసిడ్‌లో పెడతారు. ఎక్కువసేపు ఉన్న గీత లోతుగా దిగి ఎక్కువ ఇంకు పట్టుకుంటుంది. దగ్గరి మనుషుల నల్లదనం అలా వచ్చిందే.

కానీ గీతల దగ్గరే ఆగిపోకండి. ఆ సందడి మధ్యలోనే పేకాడుతున్న వాళ్లున్నారు, ఒక పక్కన ఒకావిడ ప్రసవిస్తోంది! కింద రాసిన పద్యం మాత్రం, వీళ్లు ఈజిప్టు నుంచి వచ్చింది చివరికి ఈ విందుకేనా అన్నట్టు రోమా జనాన్ని ఎగతాళి చేస్తుంది. నా మటుకు నాకు బొమ్మలో ఆ ఎగతాళి కనిపించదు. అంత ఓపిగ్గా ఒక్కో మనిషినీ చూసినవాడు వాళ్లని చులకన చేశాడంటే నమ్మలేను.

ప్రశ్న అడిగినవారు
చాలా థాంక్స్ అండి. భూతద్దం పెట్టి మళ్లీ చూశాను. పలక అంతా కలిపి వెడల్పు సుమారు 24 సెంటీమీటర్లే, ఎత్తు అందులో సగం, అంత చోటులో ప్రసవిస్తున్న ఆవిడ చుట్టూ చేరినవాళ్లని ఇన్నిసార్లు చూసీ గమనించనే లేదు.