క్లబ్బుకి మందు, మత్తు నిబంధనలు: ముసాయిదా పెట్టాను, చూసి చెప్పండి

కార్యదర్శి:
పోయిన నెల పంపు రూమ్ వెనక మన వాలీబాల్ కుర్రాళ్ళిద్దరు గంజాయితో దొరికారు. కమిటీ ఇద్దర్నీ ఏడాది సస్పెండ్ చేసింది. ఏ రూలు ప్రకారం అని ఒకరి తండ్రి అడిగితే మా దగ్గర జవాబు లేదు. 1995లో పెట్టిన క్లబ్బు. నెట్టు కట్టే మనిషి నుంచి చందా గడువు దాకా అన్నిటికీ రూలుంది, దీనికి లేదు. ఆదివారం జనరల్ బాడీలో పెట్టడానికి ఇవి రాశాను.

1. ఆవరణలో గంజాయి వగైరాలతో దొరికితే సభ్యత్వం రద్దు.
2. మందు వాడి ఆటకి వచ్చినవారిని ఆ రోజు కోర్టులోకి రానివ్వం. రెండోసారికి మూడు నెలలు దూరం.
3. క్లబ్ రూములో మద్యం విషయంలో పెద్దలు సంయమనం పాటించాలి.
4. అనుమానం వస్తే కిట్‌తో మూత్ర పరీక్ష చేసే హక్కు కమిటీకి ఉంటుంది.

మాత్రల బాబు:
రెండో రూల్లో ‘మందు వాడి’ అని ఉంది. మా వాడు ఆస్తమాకి ఇన్‌హేలర్ వాడతాడు. అదీ మందే. వాణ్ణీ రానివ్వరా?

గ్యాలరీ గొంతు:
ఆ మందు కాదు బాబూ, ఈ మందు.

మాత్రల బాబు:
నవ్వులాట కాదండి, మెడికల్ షాపు నడిపేవాణ్ణి కాబట్టి అడుగుతున్నా. సాల్బ్యుటమాల్ ఇన్‌హేలర్ 24 గంటల్లో 1600 మైక్రోగ్రాముల వరకు ‘వాడా’, అంటే ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ, ఒప్పుకుంటుంది. అదే కొన్ని దగ్గు సిరప్పుల్లో ఉండే టెర్బ్యుటలిన్ అయితే పోటీలోనూ బయటా కూడా నిషేధం. రేపు మన పిల్లల్లో ఎవరైనా పెద్ద పోటీలకి వెళ్ళి నాడా (మన దేశంలోని డోపింగ్ నిరోధక సంస్థ) పరీక్షలో దొరికితే, దగ్గొచ్చింది సార్ అంటే వదలరు. ముందు ఆ మాట సరిచేయండి.

పాత లిఫ్టర్:
కార్యదర్శి తమ్ముడూ, గంజాయి కుర్రాళ్ళని తీసెయ్, నాకు అభ్యంతరం లేదు. మూడో రూలు దేనికి? శనివారం లైట్లు ఆర్పాక నలుగురం కూర్చుని తలో బీరు తాగితే అదొక సమస్యా? అసలు బీరు మందు లెక్కలోకి వస్తుందా అనేది వేరే సంగతి. ఈ క్లబ్బు పెట్టిన ఏడాదే, 1995 జనవరిలో, రాష్ట్రమంతా మద్యనిషేధం పెట్టారు. ఏమైంది? యానాం నుంచి సీసాలు పాల క్యాన్లలో దిగేవి, నేను కళ్ళారా చూశాను. 1997కల్లా ఎత్తేశారు. ప్రభుత్వం వల్ల కానిది నీ నాలుగు రూళ్ళ వల్ల అవుతుందా? ఆ వాడా వాళ్ళే 2018లో మద్యాన్ని నిషేధిత జాబితాలోంచి తీసేశారు, తెలుసా? ఇంకోటి. ఈ ఫ్లడ్ లైట్లు ఎవరి జేబులోంచి వచ్చాయో జమాఖర్చు పుస్తకం తీసి చూడు.

గ్యాలరీ గొంతు:
బీరు మందు కాదట. సోడా అన్నమాట.

లిబరో 7:
బాబాయ్, ఆ జాబితా సంగతి సగమే చెప్పారు. 2018కి ముందు కూడా మద్యం విలువిద్య, మోటారు రేసుల్లాంటి నాలుగు ఆటలకే నిషేధం. వాలీబాల్‌కి లేదు. తీసేశాక కూడా ఆయా ఆటల సంఘాలు సొంత నిబంధనలు పెట్టుకోవచ్చన్నారు. మనం పెట్టుకోవాలనుకుంటున్నది అదేగా.
నా గొడవ నాలుగో రూలుతో. గంజాయి బాగా అలవాటున్నవాడు మానేసిన రెండు మూడు వారాలకి కూడా ఆ కిట్‌లో పాజిటివ్ రావచ్చు. శనివారం రాత్రి బీరు మాత్రం అందులో కనపడదు. అంటే సీసాలో మూత్రం పోసి నిలబడాల్సింది మేమే, మీరు కాదు.

పాత లిఫ్టర్:
మేము మీరు ఏమిట్రా? నీకు అండర్‌హ్యాండ్ నేర్పింది ఎవరు?

లిబరో 7:
మీరే. అందుకే అడుగుతున్నా.

మాత్రల బాబు:
‘మందు’ అన్న మాట మార్చారా?

నల్లకోటు:
వృత్తి కొద్దీ కొంచెం పొడుగ్గా రాస్తున్నాను. గంజాయి తాగితే ఎన్డీపీఎస్ (మత్తుపదార్థాల) చట్టం 27వ సెక్షన్ కింద 6 నెలల వరకు జైలు, లేదా 10,000 వరకు జరిమానా, లేదా రెండూ. ఆవరణ చూసుకునేవాళ్ళు తెలిసీ దాన్ని అలాంటి నేరానికి వాడనిస్తే 25వ సెక్షన్ వాళ్ళకీ వర్తిస్తుంది. కాబట్టి కార్యదర్శి భయం న్యాయమే. కానీ అదే చట్టంలో 64ఏ ఉంది. వ్యసనపరుడు తనంతట తాను గుర్తింపు ఉన్న చోట వైద్యానికి వెళ్ళి పూర్తి చేసుకుంటే, వాడకం, కొద్ది మొత్తం కేసుల్లో ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు దొరుకుతుంది. చట్టమే ఒక తలుపు తెరిచి పెట్టింది. మీ ఒకటో రూల్లో అదీ లేదు. 14446 అని కేంద్ర ప్రభుత్వ హెల్ప్‌లైన్ ఉంది, ఆ నంబరైనా నోటీసు బోర్డు మీద రాయండి.

పాత లిఫ్టర్:
గంజాయి తాగినవాడికి తలుపు తెరవాలి, బీరు తాగినవాడు సంయమనం పాటించాలి. బాగుంది లాయరు గారూ న్యాయం.

సాయంత్రం బ్యాచ్:
ఇన్నాళ్ళూ చదవడమే, ఎప్పుడూ రాయలేదు. ఆ ఇద్దరిలో ఒకడికి అక్కని. నా కూతురు సాయంత్రం బ్యాచ్‌లో ఆడుతుంది. వాడు చేసింది తప్పే, నేను వెనకేసుకు రాను. కానీ వాడి చేతికి మొదటి గ్లాసు అందింది పంపు రూమ్ వెనక కాదండి, క్లబ్ రూములోనే. పదో తరగతి పరీక్షలైన వేసవి, టోర్నమెంట్ గెలిచిన రాత్రి. ‘ఇవాళ్టితో పెద్దోడివయ్యావురా’ అన్నారట. ఆ తర్వాత శనివారాలు ఉప్పు శనగలు, నీళ్ళ ప్యాకెట్లు తెచ్చిపెట్టడం వాడి పని. గంజాయి మీ ముందు తాగలేదు, నిజమే. మీ ముందు నేర్చుకోవాల్సింది అప్పటికే నేర్చుకున్నాడు.
లైట్లు ఆర్పాక అంటున్నారు. లైట్లు ఆరేది ఎనిమిదింటికి, వాసన ఏడింటికే మొదలు. అమ్మాయిలు బూట్లు మార్చుకునేది ఆ రూములోనే. పోయినేడాది బ్యాచ్‌లో పద్నాలుగు మంది. ఇప్పుడు ఆరుగురు. నెట్టుకి అవతల ఎవరు నిలబడతారు?

పాత లిఫ్టర్:
ఎవరిచ్చారు? పేరు చెప్పమ్మా. అందరి మీదా బురద చల్లడం కాదు. ముప్పై ఏళ్ళు ఈ గ్రౌండులో చెమట కార్చినవాళ్ళం. చందాలు మావి, వాన పడితే నీళ్ళు తోడింది మేము. నిన్న గాక మొన్న వచ్చి మమ్మల్ని దొంగల్లా నిలబెడతారా?

సాయంత్రం బ్యాచ్:
మీరిచ్చారని అనలేదు మాస్టారూ. ఆ రాత్రి మీరూ ఆ రూములోనే ఉన్నారు.

నల్లకోటు:
ఎవరిచ్చినా అప్పటికి వాడికి పద్దెనిమిది నిండలేదు. మైనరుకి మద్యం ఇస్తే జువెనైల్ జస్టిస్ చట్టం 77వ సెక్షన్: 7 ఏళ్ళ వరకు కఠిన కారాగారం, లక్ష వరకు జరిమానా. గంజాయి తాగినందుకు ఉన్న శిక్ష కన్నా చాలా పెద్దది. చర్చ ఎంతసేపూ పంపు రూమ్ వెనకే తిరుగుతోంది కాబట్టి చెప్తున్నాను.

గ్యాలరీ గొంతు:
...

లిబరో 7:
గొంతుకి కూడా మాట రావట్లేదు.

కార్యదర్శి:
ఒప్పుకుంటున్నాను. మూడో రూలు ముందు ‘క్లబ్ రూములో మద్యం తాగరాదు’ అనే రాశాను. లైట్ల కరెంటు బిల్లు కట్టేది ఆ శనివారం వాళ్ళే కాబట్టి రాత్రికి రాత్రి సంయమనం అని మార్చాను. ఆదివారం ఇలా పెడుతున్నా. క్లబ్ రూములో, గ్రౌండులో ఎవరికీ ఏ మద్యమూ లేదు, బీరుతో సహా. నాలుగో రూలు తీసేశాను. ఒకటో రూల్లో, వైద్యానికి వెళ్తే సభ్యత్వం ఉంటుంది అని చేర్చాను. ఆ ఇద్దరికీ అదే వర్తిస్తుంది. బిల్లు సంగతి తర్వాత చూద్దాం.

మాత్రల బాబు:
రెండో రూలు?

కార్యదర్శి:
‘మద్యం సేవించి’ అని మార్చాను బాబూ. ఇన్‌హేలర్ జేబులో పెట్టి పంపండి.

పాత లిఫ్టర్:
నేను వ్యతిరేకంగానే ఓటేస్తాను. ఆ ఫ్రిజ్ నేను కొన్నది. ఆదివారం ఆటో తెచ్చి పట్టుకుపోతా. మెట్ల దగ్గర ఎవరైనా ఒక చెయ్యి వేయండి, బరువు.

సాయంత్రం బ్యాచ్:
ఫ్రిజ్ వద్దని ఎవరన్నారు మాస్టారూ? మొన్న మా అమ్మాయి కాలు బెణికితే ఐస్ కోసం కూల్‌డ్రింక్ షాపు దాకా పరిగెత్తాం. దాన్నిండా మీ సీసాలే ఉన్నాయి.

పాత లిఫ్టర్:
ఏ కాలు?

సాయంత్రం బ్యాచ్:
ఎడమది. తగ్గింది.

పాత లిఫ్టర్:
ఐస్ ట్రేలు రెండూ పగిలిపోయాయి. వచ్చేప్పుడు కొత్తవి తెస్తా. ఓటు మాత్రం వ్యతిరేకమే.