మా అమ్మాయి రిక్రియేషన్ థెరపీ చదువుతానంటోంది. పంపమంటారా?

కావలి రైతు
అందరికీ నమస్కారం. మాది కావలి దగ్గర పల్లె. అమ్మాయి ఇంటర్ బైపీసీ, ఆ తర్వాత సైకాలజీతో డిగ్రీ చేసింది. ఇప్పుడు అమెరికాలోగానీ కెనడాలోగానీ రిక్రియేషన్ థెరపీ చదువుతానంటోంది. మంచాన పడ్డవాళ్లని, పుట్టుకతో లోపం ఉన్న పిల్లల్ని ఆట, పాట, తోటపని, ఈత లాంటి వాటితో మళ్లీ మామూలు బతుకులోకి తెచ్చే చదువట. మన దేశంలో ఈ పేరుతో డిగ్రీ నాకెక్కడా కనపడలేదు. ఎకరంన్నర అమ్మితేగానీ ఫీజు కట్టలేను. నర్సింగ్ అంటే తెలుసు, ఫిజియో అంటే తెలుసు. ఇది తెలియదు. తెలిసినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

పెన్నాగట్టు మాస్టారు
పంపొద్దు. ముందు ఆ పేరు చూడండి. మన వైపు రిక్రియేషన్ క్లబ్ అంటే ఏంటో ఎవరినైనా అడగండి, పేకాట అంటారు. మా తమ్ముడు అలాంటి బోర్డు ఉన్న చోటే నాలుగెకరాల మాగాణి పోగొట్టుకున్నాడు. రేపు సంబంధానికి వచ్చినవాళ్లు అమ్మాయి ఏం చదివిందని అడిగితే ఏం చెబుతారు? ముప్పై రెండేళ్లు పిల్లలకు పాఠాలు చెప్పాను. ఆటల పీరియడ్‌కి డిగ్రీ కావాలని ఎప్పుడూ వినలేదు.

గూడూరు నిమ్మతోట
భూమి మాత్రం అమ్మొద్దన్నా. లోన్ తీసుకో.

హాలిఫాక్స్‌లో కందుకూరమ్మాయి
మాస్టారూ, మాది కందుకూరు. కెనడాలోని హాలిఫాక్స్‌లో, డల్హౌజీ యూనివర్సిటీలో ఇదే చదువుతున్నాను. ఇది ఆడించడం కాదండీ. ముందు ఆ మనిషిని పరీక్షించాలి. ఏం చేయగలడు, ఏం మానేశాడు, ఎందుకు మానేశాడు. దాన్నిబట్టి లక్ష్యం రాసుకోవాలి, ఎంతవరకు వచ్చిందో కొలవాలి. పక్షవాతం వచ్చాక కొందరికి ఎడమవైపు ఒకటుందన్న ధ్యాసే ఉండదు. పళ్లెంలో ఎడమవైపు అన్నం అలాగే వదిలేస్తారు. అలాంటి మనిషికి పేకముక్కలు ఎడమవైపుకి జరిపి పరుస్తాం. తనంతట తాను ఎన్ని ముక్కలు చూశాడు, ఎన్ని నిమిషాలు నిలబడి ఆడాడు, అన్నీ కేస్‌షీట్‌లో ఎక్కాలి. అమెరికాలో దీనికి సర్టిఫికెట్ ఇచ్చే కౌన్సిల్ 1981 నుంచి ఉంది, ఆ అర్హతని సీటీఆర్ఎస్ అంటారు. అనాటమీ, ఫిజియాలజీ, మానసిక రుగ్మతలు, మనిషి ఎదుగుదల, ఇవన్నీ చదవాలి. 560 గంటల ఇంటర్న్‌షిప్ చేయాలి. ఆపైన పరీక్ష. మన దేశంలోనూ 2021లో వచ్చిన అలైడ్ హెల్త్‌కేర్ వృత్తుల చట్టం షెడ్యూల్‌లో రిక్రియేషనల్ థెరపిస్ట్ అన్న మాట ఉంది.

పెన్నాగట్టు మాస్టారు
చూశారా, అక్కడా పేకముక్కలే!
560 గంటలకు జీతం ఇస్తారా, ఇవ్వరా? అది చెప్పమ్మా.

హాలిఫాక్స్‌లో కందుకూరమ్మాయి
చాలా చోట్ల ఇవ్వరు. 14 వారాలు.

పెన్నాగట్టు మాస్టారు
అంటే భూమి అమ్మి వెళ్లి, పద్నాలుగు వారాలు ఊరికే చాకిరీ. నాకు ఇంకేం చెప్పక్కర్లేదు.

ఒంగోలు ఓటీ
నేను ఆక్యుపేషనల్ థెరపిస్టుని (ఓటీ), అంటే జబ్బుపడ్డవాళ్లకు రోజువారీ పనులు మళ్లీ చేసుకోవడం నేర్పేదాన్ని, పద్నాలుగేళ్లుగా చేస్తున్నాను. మాస్టారి కారణాలతో నాకు పని లేదు కానీ నేనూ వద్దనే అంటాను. కందుకూరమ్మాయి చెప్పిన ఎడమవైపు ధ్యాస సంగతి మేం రోజూ చేసే పనే. అమెరికాలో రిహాబ్ ఆసుపత్రిలో చేరినవాళ్లకు రోజుకు మూడు గంటల థెరపీ ఉండాలని మెడికేర్ (అక్కడి ప్రభుత్వం ముఖ్యంగా పెద్దవయసువాళ్లకిచ్చే ఆరోగ్య బీమా) లెక్క ఒకటుంది. అందులో ఫిజియో వస్తుంది, ఓటీ వస్తుంది, స్పీచ్ వస్తుంది. రిక్రియేషన్ రాదు. లెక్కకు రాని పనికి ఆసుపత్రి ఎంతమందిని పెట్టుకుంటుంది? జీతం ఏడాదికి 55, 60 వేల డాలర్ల దగ్గర ఉంటుంది. ఓటీలకు 90 వేలు దాటుతుంది. ఇంకోటి, ఇది స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) చదువుల జాబితాలో లేదు. చదివాక పనిచేసుకోవడానికి ఇచ్చే ఓపీటీ ఒక్క ఏడాదే, మీద రెండేళ్ల పొడిగింపు రాదు. ఆ ఒక్క ఏడాదిలో ఎకరంన్నర వెనక్కి వస్తుందా? ఇక మన చట్టంలో మాట ఉన్నంత మాత్రాన పోస్టు ఉన్నట్టు కాదు. మన రెండు జిల్లాల్లో ఆ పేరుతో ఉద్యోగం నేను చూడలేదు. వెల్లూరు సీఎంసీ ఆసుపత్రి కాలేజీలో బీఓటీ, అంటే మా ఓటీ డిగ్రీ ఉంది. రైలెక్కితే పూట ప్రయాణం.

హాలిఫాక్స్‌లో కందుకూరమ్మాయి
అక్కా, మీరు చెప్పిన ఓపీటీ సంగతి నిజం, ఏజెంట్లు చెప్పరు. కానీ ఆసుపత్రి ఒక్కటే చోటు కాదు కదా. అమెరికా నర్సింగ్ హోముల్లో, అంటే ముసలివాళ్లని ఉంచి చూసుకునే చోట్ల, యాక్టివిటీస్ విభాగాన్ని అర్హత ఉన్నవాళ్లే నడపాలని ఫెడరల్ నిబంధన ఉంది, ఆ అర్హతల్లో మాదీ ఒకటి. మీరు మనిషికి అన్నం తినడం, చొక్కా బొత్తాలు పెట్టుకోవడం నేర్పుతారు. తిన్నాక, చొక్కా వేసుకున్నాక, మిగతా పన్నెండు గంటలు ఏం చేయాలి? మా పని అక్కడ మొదలవుతుంది.

ఒంగోలు ఓటీ
మేం బొత్తాల దగ్గరే ఆగిపోతామని ఎవరు చెప్పారు నీకు?

చీమకుర్తి అక్క
మాస్టారి ఆటల పీరియడ్ మాట చూశాక రాయకుండా ఉండలేకపోయాను. మా తమ్ముడు గ్రానైట్ క్వారీలో పడి వెన్ను విరిగింది. నడుము కింద స్పర్శ లేదు. ఫిజియో అతను నెలన్నర వచ్చాడు, మంచి మనిషి. కానీ మావాడు గోడవైపు తిరిగి పడుకుంటే ఎవరూ ఏం చేయలేకపోయారు. ఎదురింటి తాత ఒకరోజు పలక మీద పులిజూదం గీసుకుని వచ్చాడు. మొదటిరోజు పది నిమిషాలు కూర్చున్నాడు. నెల తిరిగేసరికి వీల్‌చైర్‌లో అరుగు మీదికి వచ్చి తాత కోసం ఎదురుచూసేవాడు.

పెన్నాగట్టు మాస్టారు
అమ్మా, నేను చెప్పేదీ అదే. ఆ తాత ఏ యూనివర్సిటీలో చదివాడు? మన ఊళ్లలో పులిజూదం ఉంది, వామనగుంటలు ఉన్నాయి, కోలాటం ఉంది. మనుషులు ఉన్నారు.

చీమకుర్తి అక్క
మిగతాది కూడా వినండి మాస్టారూ. తాత, వాడు ఆటలో పడితే మూడేసి గంటలు లేచేవాళ్లు కాదు. పావుగంటకో అరగంటకో ఒళ్లు లేపి బరువు తీయాలని తాతకీ తెలియదు, నాకూ తెలియదు. స్పర్శ లేదు కాబట్టి వాడికీ తెలియలేదు. పిరుదు మీద పుండు పడింది. ఎముక కనపడేదాకా పోయింది. ఎనిమిది నెలలు బోర్లా పడుకున్నాడు. ఆలోపు తాత పోయాడు. మళ్లీ ఎవరూ పలక పట్టుకుని రాలేదు. ఆ ఆటా కావాలి, ఆ గడియారం చూసే మనిషీ కావాలి. ఆ చదువు మీకు చిన్నదిగా కనపడితే మా ఇంటికొచ్చి చూడండి.

ఉలవపాడు మామిడి
అక్కా, తమ్ముడు ఇప్పుడెలా ఉన్నాడు?

చీమకుర్తి అక్క
మానింది. గోడవైపే ఉంటాడు.

పెన్నాగట్టు మాస్టారు
తల్లీ, నీ మనసు నొప్పించి ఉంటే క్షమించు. కానీ నీ మాటే నా మాటకు బలం. ఇలాంటి మనిషి మన ఊళ్లోనే లేనప్పుడు, మన పిల్లని హాలిఫాక్స్‌లో ఎవరి తాతనో చూసుకోమని పంపడం ఏం న్యాయం? ఇంట్లోవాళ్లని ఎవరు చూస్తారు? ఆడపిల్ల వెళితే తిరిగి రాదు. కావలి రైతుగారూ, మీకూ లోపల ఈ భయమే ఉంది. ఎకరంన్నర అని పైకి చెబుతున్నారంతే.

హాలిఫాక్స్‌లో కందుకూరమ్మాయి
అబ్బాయి కంప్యూటర్స్ చదవడానికి వెళితే ఇంట్లోవాళ్లని ఎవరు చూస్తారని అడిగేవారా మాస్టారూ? ఇదే వేదికలో అబ్బాయిల వీసాల గురించి మీరే ఎన్నో సలహాలు రాశారు. ఒక్కసారైనా అడిగారా?

కావలి రైతు
మాస్టారు అన్నది నిజం. నాకు కొడుకు కూడా ఉన్నాడు. పంతొమ్మిదేళ్లు. డౌన్ సిండ్రోమ్. ఈ సంగతి మొదట రాయలేదు, అవసరం లేదనుకున్నాను. వాడి అమ్మకి మోకాళ్ల నొప్పులు. మా తర్వాత వాడిని అక్క చూసుకుంటుందని, వాడు పుట్టినప్పటి నుంచి మేమిద్దరం అనుకుంటూనే ఉన్నాం. అమ్మాయికి ఎప్పుడూ చెప్పలేదు, చెప్పనక్కర్లేదనుకున్నాం. ఇప్పుడు వెళతానంటే నోరు పెగలక, ఫీజు ఎక్కువంటున్నాను.

ఒంగోలు ఓటీ
అన్నా, ఇది మొదటి పోస్టులోనే రాయాల్సింది. నేను ఇంతసేపు జీతాల లెక్కలు చెప్పాను. మీ బాబు సంగతి వేరు, అమ్మాయి చదువు వేరు. రెండూ ఒక ముడి వేస్తే ఇద్దరూ మునుగుతారు. నెల్లూరులో వికలాంగుల కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన సీఆర్‌సీ అనే సెంటర్ ఉంది, సికింద్రాబాద్‌లో బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ల కోసం ఉన్న జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీ కింద నడుస్తుంది. బాబుని అక్కడికి ఎప్పుడైనా తీసుకెళ్లారా?

పెన్నాగట్టు మాస్టారు
రక్తసంబంధం ఉన్నవాళ్లు చూసినట్టు ఏ సెంటరూ చూడదు. తోడబుట్టినవాడి బాధ్యత తోడబుట్టినవాళ్లదే. నా తమ్ముడు భూమి పోగొట్టుకుని వస్తే ఇరవై ఏళ్లు నా ఇంట్లో పెట్టుకుని చూశాను. ఎవరినీ సాయం అడగలేదు.

చీమకుర్తి అక్క
నేనూ చూస్తున్నాను మాస్టారూ. ఆరేళ్లయింది. నేను చూసినందుకే కదా వాడికి పుండు పడింది. ప్రేమ ఉంటే చాలదు.

కావలి రైతు కూతురు
నాన్న ఫోన్‌లో ఇదంతా చదివాను. కొత్త ఖాతా తెరిచి రాస్తున్నాను. నేను తమ్ముణ్ణి వదిలి వెళ్లాలని ఈ చదువు అడగలేదు. వాడి వల్లే అడిగాను. వాడికి పద్దెనిమిది నిండగానే స్కూల్లో ఇక చాలన్నారు. ఏడాది దాటింది. ఇప్పటికీ ఎనిమిదింటికి స్నానం చేసి, యూనిఫాం చొక్కా వేసుకుని, బ్యాగు తగిలించుకుని గేటు దగ్గర నిలబడతాడు. బస్సు రాదు. తొమ్మిదిన్నర దాకా నిలబడి లోపలికొచ్చి చొక్కా విప్పి మడతపెడతాడు. డిగ్రీ అయిపోయి నేను ఇంట్లోనే ఉన్నాను, పక్కనే నిలబడ్డాను. వాడి రోజులో ఏం పెట్టాలో నాకు తెలియదు. అది తెలుసుకోవాలని ఉంది. తర్వాత వాణ్ణి నేను చూసుకుంటానా అని నన్ను ఎవరూ అడగలేదు. అడిగితే చెబుతాను.

ఓటీ అక్కా, బీఓటీ గురించి నేను ఆలోచించలేదు. అందులో పద్దెనిమిది దాటినవాళ్ల గురించి ఎంత చెబుతారు? కందుకూరు అక్కా, మీ ఇంటర్న్‌షిప్‌లో డౌన్ సిండ్రోమ్ పెద్దవాళ్లు ఉంటారా?

కావలి రైతు
అమ్మాయి రాసింది ఇప్పుడే చూశాను. గేటు సంగతి నాకు తెలియదు. నేను ఆరింటికే రొయ్యల గుంటల దగ్గరికి వెళ్లిపోతాను.

ఓటీ అమ్మా, మీ దగ్గరికి ఏ రోజు రమ్మంటారో చెప్పండి. ఇద్దరినీ తీసుకొస్తాను.