సింగిల్ కాయిలా, హంబకరా: మెలోడీ స్టేజీకి ఏది?

పర్లాకిమిడి తీగలు: మెలోడీ ప్రోగ్రాంలకి, అంటే సినిమా పాటల ఆర్కెస్ట్రాలకి, ఎలక్ట్రిక్ గిటార్ కొనాలి. తీగ కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చే పికప్‌లు ఏవి ఉండాలి: మూడు సింగిల్ కాయిళ్లా (ఒక్కో తీగచుట్ట), రెండు హంబకర్లా (జంట చుట్టలు)? ఆంప్ ఉండదు. పెడల్ నుంచి డీఐ బాక్స్ (గిటార్ సిగ్నల్‌ని మిక్సర్‌కి సరిపడేలా మార్చే పెట్టె), అక్కణ్ణుంచి నేరుగా మిక్సరే.

బరంపురం లీడ్: హంబకరే. మా బరంపురం జాతర ఠాకురాణీ యాత్ర స్టేజీ చూడండి, జనరేటరు, డిమ్మర్ లైట్లు అన్నీ పక్కనే. సింగిల్ కాయిల్ అదంతా పట్టేస్తుంది. గిటార్ల కంపెనీ గిబ్సన్‌లో సెత్ లవర్ 1955లో పేటెంట్‌కి పెట్టింది ఈ హమ్ (కరెంటు గుయ్‌మనే రొద) చంపడానికే. రెండో కాయిల్‌కి చుట్టిన దిశ తిరగేసి, అయస్కాంత ధ్రువమూ తిరగేసి ఉంటుంది. బయటి రొద కొట్టుకుపోతుంది, తీగ స్వరం కూడుతుంది.

రాయగడ సోల్డర్: దాంతోపాటు ట్రెబుల్ కూడా పోతుందండీ. స్ట్రాట్ (ఫెండర్ స్ట్రాటోకాస్టర్ గిటార్) సింగిల్ కాయిల్ ఇండక్టెన్స్ సుమారు 2.4 హెన్రీలు, పాత తరహా హంబకర్‌ది 4.4. కేబుల్‌తో కలిపి 700 పికోఫారడ్లు అనుకుంటే మొదటిదాని రెజొనెన్స్ (శబ్దం ఎక్కువగా పైకి లేచే చోటు) 3,900 హెర్ట్జ్ దగ్గర, రెండోదానిది 2,900 దగ్గర. కీబోర్డు నిండుగా మోగుతుంటే గిటార్ బయటికి వచ్చేది ఆ తేడాతోనే. రొదకి గిటార్ లోపల అతికించే కాపర్ ఫాయిల్ ఉంది.

బరంపురం లీడ్: ఫాయిల్ ఆపేది విద్యుత్ క్షేత్రాన్ని. ట్రాన్స్‌ఫార్మర్ 50 హెర్ట్జ్ అయస్కాంత క్షేత్రం పలచటి రాగిలోంచి వచ్చేస్తుంది. దీనికి జవాబు చెప్పండి.

కొరాపుట్ బేస్: హంబకర్ పెడితే 500 కే (కిలో ఓమ్) పాట్, అంటే వాల్యూమ్ తిప్పే భాగం, వెయ్యండి. 250 మీద మొద్దుగా ఉంటుంది.

రాయగడ సోల్డర్: బజ్ చాలావరకు ఫాయిల్‌తోనే తగ్గుతుంది. క్యావిటీ (వైర్లుండే గుంట) గోడలకీ పిక్‌గార్డ్ (పైన కప్పే పలక) అడుక్కీ వేసి, అతుకుల మీద సోల్డర్ చుక్క పెట్టి, గ్రౌండ్‌కి కలపాలి. జిగురుని నమ్మితే కొన్నాళ్లకి ముక్కకీ ముక్కకీ కలయిక పోతుంది. మిగిలిన 50 హెర్ట్జ్‌కి స్విచ్ 2, 4 పొజిషన్లు (మధ్య పికప్‌తో పక్కదాన్ని కలిపేవి) ఉన్నాయి, మధ్య పికప్ తిరగేసి చుట్టినదైతే.

బరంపురం లీడ్: సోలోలన్నీ ఆ రెండిట్లోనే వాయించాలా? లీడ్‌కి బ్రిడ్జి పికప్ (తీగలు ఆనే వంతెన పక్కది) కావాలి. మీరు వినేది రిపేరు బల్ల మీద.

రాయగడ సోల్డర్: మాట జాగ్రత్త అన్నా. బల్ల మీదకి వచ్చేవన్నీ స్టేజీ గిటార్లే. హంబకర్ని తీగలకి ఆనించినంత పైకెత్తి, బురద శబ్దం వస్తోందని తెస్తారు. చివరి ఫ్రెట్ నొక్కి మందం తీగ కింద 2.4, సన్న తీగ కింద 1.6 మిల్లీమీటర్లు వదలాలి.

బరంపురం లీడ్: ఎత్తు గొడవ కాదిది! పల్లవికి ముందు నిశ్శబ్దంలో గిటార్ గుయ్‌మంటే సౌండ్‌వాళ్లు మిక్సర్లో ఆ శబ్దం మీట (ఫేడర్) దించేస్తారు. తర్వాత ఎత్తేవాడు ఉండడు. వినబడని టోన్ ఎంత బాగుంటే ఏం?

రాయగడ సోల్డర్: అంటే తగువు పికప్‌తో కాదు, స్టేజీ వైరింగ్‌తో. వాళ్ల తప్పుకి గిటార్ గొంతు నొక్కుతారా?

బరంపురం లీడ్: వైరింగ్ వాయించేవాడి చేతిలో లేదు. గిటార్ ఉంది.

పర్లాకిమిడి తీగలు: బ్రిడ్జిలో హంబకర్, మిగతావి సింగిల్ ఉన్నది దొరుకుతోంది. తీసుకోనా?

రాయగడ సోల్డర్: తీసుకో తమ్ముడూ. మధ్యది తిరగేసి చుట్టిందో లేదో అడుగు. తీగ మీద చెయ్యి వేస్తే బజ్ తగ్గాలి, పెరిగితే జాక్ దగ్గర హాట్, గ్రౌండ్ తారుమారయ్యాయేమో చూడు. మైకు పెదవికి తగిలి షాక్ కొడితే వాయించడం ఆపి ఎర్తింగ్ చూడమను. హమ్ పోతుందని ఎర్త్ పిన్ మాత్రం పీకకు, ప్రాణం పోతుంది.

బరంపురం లీడ్: ఎర్త్ పిన్ మాట నూటికి నూరుపాళ్లు నిజం. నెక్ (మెడ) వైపు పికప్ కూడా హంబకరే ఉండాలంటాను.