సమస్యాపూరణం: చప్పిడైన రొట్టె చవులఁ బెంచు

సమస్య ఇచ్చినవారి మాట

ఈ వారపు సమస్య ఒక ఆటవెలది పాదం: "చప్పిడైన రొట్టె చవులఁ బెంచు." చప్పిడి అనగానే మనకు జ్వరమూ పథ్యమూ గుర్తుకు వస్తాయి, అటువంటి మాటకు రుచితో వియ్యం కుదర్చడమే ఇందులోని చిక్కు. ఇటలీలోని టస్కనీ ప్రాంతంలో నిత్యం తినే రొట్టెలో ఉప్పు వేయరు. 2016లో ఐరోపా సమాఖ్య నుండి రక్షిత మూలనామం (ఆ ప్రాంతంలో చేసినదానికే ఆ పేరు చెల్లాలన్న గుర్తింపు) పొందిన ఈ 'పానె తొస్కానొ'కు, అంటే టస్కనీ రొట్టెకు, గోధుమపిండి, నీరు, పులిపిండి చాలు. పూర్వం పీసా నగరం ఉప్పు రాకుండా అడ్డుపడినందువల్ల టస్కనీ ముఖ్యనగరమైన ఫ్లోరెన్సువారు ఈ రొట్టెకు అలవాటుపడ్డారని చెప్పుకుంటారు గాని, అది కథగానే ప్రచారంలో ఉన్నది. ఇటలీలో నివసిస్తున్న సభ్యులు తమ వంటింటి అనుభవాన్ని పద్యంలోకి తేవాలని మనవి. సమస్య నాలుగవ పాదంగానే ఉండాలన్న నియమం లేదు.

పూరణ 1: ఫ్లోరెన్సు సభ్యురాలు

ఉప్పు నంటఁబెట్టి యూరించు మాంసమ్ము
గొఱ్ఱెపాలజున్ను కూడియుండ
వాని నడుమఁ దినఁగ వలదయా లవణమ్ము
చప్పిడైన రొట్టె చవులఁ బెంచు.

ఇక్కడి 'ప్రొషూత్తొ' అనే ఎండు పందిమాంసానికి ఉప్పూ మిరియాలూ గట్టిగా పట్టిస్తారు. 'పెకొరీనొ' అనే గొఱ్ఱెపాల జున్నులోనూ ఉప్పు ఎక్కువే. మా యింట మాంసం తినము కనుక మేము ఈ రొట్టెను బొగ్గులమీద కాల్చుకుంటాము. కాలిన ముక్కపై పచ్చి వెల్లుల్లిరెబ్బను రుద్దితే గరుకెక్కిన పైభాగం ఆ రెబ్బను తురిమేస్తుంది. ఆపైన నవంబరులో గానుగ నుండి కొత్తగా వచ్చిన ఘాటైన ఆలివ్ నూనె పోసి, చివరికి నాలుగు ఉప్పురవ్వలు చల్లుతాము. దీనిని 'ఫెత్తున్త' అంటారు. ఇంట్లో ఈ రొట్టె చేసేవారికి ఒక హెచ్చరిక: ఉప్పు పులియడాన్ని నెమ్మదింపజేసి పిండిలోని బంకను బిగిస్తుంది కనుక, అది లేని ముద్ద త్వరగా పొంగి, జారుగా ఉండి, చేతులకు అంటుకుంటుంది.

*విమర్శ:* "ఊరించు" అన్న క్రియ ఉప్పులో నానబెట్టడానికీ నోరూరించడానికీ ఒకేసారి పనికివచ్చింది. పద్యానికి ప్రాణం అక్కడే ఉన్నది. "వాని నడుమ" అన్నచోట మాత్రం అన్వయం కుంటుతున్నది. "వానితోడఁ దినఁగ" అంటే గణభంగం లేకుండా అర్థం తేటపడుతుంది. ఇక ఔచిత్యం మాటకొస్తే, మనం అన్నం వార్చేటప్పుడు ఉప్పు వేయము. ఆవకాయ ఉన్నదన్న ధైర్యంతోనే వేయము. ఇటలీకి వెళ్ళిన తెలుగువారు ఈ రొట్టెను ఒంటిగా కొరికి పెదవి విరవడం న్యాయం కాదు.

పూరణ 2: రాజమహేంద్రవరం సభ్యుడు

పరుల రొట్టెలోనఁ బడునుప్పు చేఁదయ్యె
నూరు వెడలఁగొట్ట నొక్క కవికిఁ
దల్లినేలమీఁదఁ దన యింటిలోపలఁ
జప్పిడైన రొట్టె చవులఁ బెంచు.

*విమర్శ:* పూరణకర్త ఇటలీ మహాకవి డాంటేను తలచుకున్నారని వేరే చెప్పనక్కరలేదు. 1302లో ఫ్లోరెన్సు నుండి బహిష్కృతుడైన ఆయన, తన కావ్యంలోని స్వర్గభాగమైన 'పారదీసొ' పదిహేడవ సర్గలో తన పూర్వీకుని నోట, పరుల రొట్టె ఎంత ఉప్పగా ఉంటుందో నీకు తెలిసివస్తుందని పలికించాడు. చప్పిడి రొట్టెతో పెరిగిన నాలుకకు ఆ మాట ఉపమానంగానే గాక అక్షరాలా కూడా తగులుతుంది. అయితే మూలంలో ఉన్నది ఉప్పదనమే. దానిని "చేఁదు"గా మార్చడం వల్ల ఉప్పు, చప్పిడి అనే జంట బలహీనపడింది. "తల్లినేల" పాదం మాత్రం హాయిగా నడిచింది. ద్రుతసంధి వల్ల సమస్యాపాదం "జప్పిడైన" అని మొదలైనా జ-చ యతి (పాదం మొదటి అక్షరానికీ నాలుగవ గణం మొదటి అక్షరానికీ ఉండవలసిన మైత్రి) చెల్లుతుంది.

పూరణ 3: టస్కనీలోని సియేనాలో చదువుకుంటున్న సభ్యుడు

ఎండు రొట్టె ముక్క నీటిలో నానించి
పిడిచి, యుల్లి, దోస పేర్చి కలిపి
పుల్లనీరు నూనె పొందుగాఁ జల్లినఁ
జప్పిడైన రొట్టె చవులఁ బెంచు.

*విమర్శ:* మొదటి పాదంలో యతి తప్పింది. "ఎండు"లోని అచ్చుకు "నీటిలో" అన్న హల్లుతో మైత్రి లేదు. "నిల్వ రొట్టె ముక్క నీటిలో నానించి" అంటే యతి కుదరడమే గాక, నిల్వ ఉన్న రొట్టె అన్న అసలు సంగతి కూడా ముందుకు వస్తుంది. రెండవ పాదంలోని "పిడిచి" అన్న ఒక్క క్రియ పద్యాన్ని వంట తెలిసినవారి పద్యంగా నిలబెట్టింది. పుల్లనీరు (వెనిగర్), నూనె కలిపి చేసే ఈ రొట్టె సలాడు పేరు 'పంజనెల్లా'. దానికోసం నానిన రొట్టెను గుప్పిట పట్టి నీరంతా పిండకపోతే గిన్నెలో గంజి మిగులుతుంది. టమాటా ఏదని కొందరు అడగవచ్చు. అది అమెరికా నుండి వచ్చిన పంట కనుక లేకపోయినా దోషమనలేము.

ఫ్లోరెన్సు సభ్యురాలి చేర్పు: మిగిలిన రొట్టెను ఇక్కడివారు పారవేయరు. నల్లని క్యాబేజీ ఆకులతో, చిక్కుడుగింజలతో ఉడికించి, మరునాడు మళ్ళీ కాచుకుంటే అదే 'రిబొల్లీత'. ఉప్పు ముందే పడి ఉంటే ఇన్ని వంటల్లోకి ఇంత సులువుగా ఒదగదని నా అభిప్రాయం.

పూరణ 4: బారి సభ్యుడు

పొరుగు సీమవారు పొగడుచుందురుగాక
చప్పిడైన రొట్టె చవులఁ బెంచు
ననుట పిచ్చిమాట యాల్తమూరకుఁ బోయి
పసుపువన్నె రొట్టె పట్టి కొఱుకు.

ఇటలీ దక్షిణాదిన పూల్యా సీమలోని బారి నగరంలో మా పక్షం వేరు. ఇక్కడి ఆల్తమూర అనే ఊరి రొట్టెకు గట్టి గోధుమల రవ్వను మళ్ళీ మెత్తగా విసిరి వాడుతారు, అందువల్లనే లోపలి మెత్తన పసుపుపచ్చగా ఉంటుంది. అందులో సముద్రపు ఉప్పు వేస్తారు. 2003లో దానికి మూలనామ రక్షణ దక్కింది, పైపెంకు కనీసం 3 మిల్లీమీటర్ల మందం ఉండాలన్నది నియమం. ఆ పిండి సంచి ఇక్కడి అంగళ్ళలో సులభంగా దొరుకుతుంది. ఇంట్లో దానితోనే చపాతీలు చేసుకుంటాము. మామూలు పిండికన్న నీరు ఎక్కువ పడుతుంది, కాసేపు నాననివ్వకపోతే అంచులు పగులుతాయి.

*విమర్శ:* సమస్యను రెండవ పాదంలో పెట్టి "అనుట పిచ్చిమాట" అని తిప్పికొట్టడం పాత ఉపాయమే అయినా, ఇక్కడ ప్రాంతాభిమానం తోడై కొత్తగా కనబడుతున్నది. యతులన్నీ శుద్ధంగా ఉన్నాయి. టస్కనీవారిని నొప్పించే "పిచ్చిమాట"ను మార్చమని కోరడం లేదు. రొట్టె విషయంలో ఇటలీవారు ఒకరినొకరు ఇంతకన్న ఘాటుగానే అంటారు.

వచ్చే వారపు సమస్య

"కాగితమ్ముఁ దిండ్రు కాపరులట." ఇటలీ దీవి సార్డీనియాలోని కాపరులు కొండలకు మూటగట్టుకుపోయే, రెండుసార్లు కాల్చిన పలుచని 'కరసావు' రొట్టెకు ఇటలీవారు పెట్టిన మరో పేరు 'సంగీతపు కాగితం'. ఆటవెలదిలోనే పూరించగలరు.